నలభై సెకన్ల దగ్గు

“మీ అమ్మ నలభై సెకన్లు దగ్గిందా, అక్కా?” అని ఇల్దికో అడిగినప్పుడు నేను బడిలో కూర్చుని నాలుగో తరగతి పిల్లల పటాలకు జిగురు రాస్తున్నాను. వేళ్ళు కాగితానికి అంటుకుపోయాయి. ఒక రకంగా అదే మేలయింది. వాటిని విడదీసుకునే వంకతో తల ఎత్తకుండా ఉండగలిగాను.

“ఏ దగ్గు?”

“పదిహేడో నంబరు రికార్డు. మీ అమ్మ చలికాలం కబుర్లు చెప్పింది చూడండి, అది. మీరు రాసిచ్చిన దాంట్లో ఇక్కడ ‘దగ్గు, నలభై సెకన్లు’ అని ఉంది. నేను విన్నాను. ఆవిడ ఒక్కసారి కూడా దగ్గలేదు. మాట్లాడుతూనే ఉంది.”

“ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఆవిడ మాటకీ దగ్గుకీ పెద్ద తేడా ఏముందిలే.”

ఇల్దికో నవ్వలేదు. మా భాష మాటలు రికార్డు చేసి దాచడానికి హంగేరీ నుంచి ఆమె మా ఊరికి రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి వచ్చినప్పుడు మా భాషలో మంచినీళ్ళు అడగడం కూడా రాదు. గడపలో నిలబడ్డ గాడిదకు సలాం చెప్పి లోపలికి వచ్చిందని పక్కింటి దవ్లత్‌మో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. ఆ మనిషి నాలుగేళ్ళలో ఎవరూ అనుకోనంత నేర్చుకుంది. అదే నా కొంప ముంచింది.

“నాకు మొత్తం అర్థం కాలేదు,” అంది. “జైబో అన్న పేరు వినబడింది. పిండిమర అని వినబడింది. మిగతాది చెప్పాలనుకుంటే చెప్పండి, లేకపోతే లేదు. కానీ రేపు మీ అమ్మకి ఈ రికార్డు వినిపించాలి. విన్నాక ఆవిడ సరే అంటే అందరికీ తెరుస్తాం. వద్దంటే మూసేస్తాం. మాట్లాడిన మనిషే చెప్పాలి అక్కా, ఆవిడ బదులు మీరు చెప్తే చెల్లదు.”

“అందరికీ అంటే?”

“ఫోను ఉన్న ఎవరికైనా.”

మా ఊళ్ళో ఇప్పుడు ఫోను లేనివి మేకలే.

నాకు అప్పుడే తట్టింది, ఈ పనిలో ఉన్న తమాషా. మా భాష అర్థమయ్యేవాళ్ళు లోకం మొత్తం మీద పదిహేను వందల మంది ఉంటే ఎక్కువ. పంజ్ నదికి ఇటు తాజిక్ ఒడ్డున కొందరు, అటు అఫ్ఘన్ ఒడ్డున కొందరు. ఆ రికార్డుని పెద్ద చదువులవాళ్ళు ఎక్కడెక్కడో కూర్చుని విని మాటలు లెక్కపెట్టుకుంటారు. అందులో ఎవరి ఇంటి గుట్టు ఉందో వాళ్ళకు అక్కర్లేదు. అక్కర ఉన్నవాళ్ళంతా మా వీధిలోనే ఉన్నారు. లోకమంతటికీ తెరవడమంటే, మా వరకు, దవ్లత్‌మోకి తెరవడం.

ఆ నలభై సెకన్లలో ఏముందో చెబుతాను. నలభై ఎనిమిదేళ్ళ క్రితం, మంచుచరియలు దారులన్నీ మూసేసిన చలికాలంలో, మా అమ్మ సవ్సన్ పొరుగింటి పసివాడికి పద్దెనిమిది రోజులు పాలిచ్చింది. ఆ పసివాడి తల్లి పేరు జైబో. పసివాడి పేరు ఆఫ్తాబ్‌షా. అతను నా మొగుడు.

మా వైపు ఒక రొమ్ము పాలు తాగిన పిల్లలు తోబుట్టువులు. పద్దెనిమిది రోజులు కాదు, ఒక్క గుక్క తాగినా అంతే. ఆ పాలు ఇచ్చిన తల్లి పిల్లలెవరూ ఆ పిల్లవాణ్ణి పెళ్ళాడకూడదు. చేసుకుంటే ఆ పెళ్ళి పెళ్ళి కాదు. ఇందులో మా మతపెద్ద ఖలీఫా దగ్గరికి వెళ్ళి వాదించడానికి కూడా ఏమీ లేదు. నాకు పెళ్ళయి ఇరవై ఐదేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాన్ని పెళ్ళికి చూసుకోవడానికి ఈ శరత్కాలంలోనే ఎవరో వస్తామన్నారు.

ఇల్దికో పద్ధతి ఒకటుంది. ముసలివాళ్ళు పక్కన మనుషులుంటే పొడి పొడిగా మాట్లాడతారని, రికార్డరు ముందు పెట్టి, మీట నొక్కి, తను బయటికి వెళ్ళిపోతుంది. ఆ రికార్డరు మైకుకు గాలి శబ్దం రాకుండా బొచ్చు తొడుగు ఒకటి ఉండేది. మావాళ్ళు దానికి పిల్లి అని పేరు పెట్టారు. ముసలివాళ్ళు పిల్లితో గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు. కొందరు దాని ముందు రొట్టె ముక్క కూడా పెట్టేవాళ్ళు. ఆ మాటలన్నీ తర్వాత బడి కంప్యూటరులో విని, రాసి, తాజిక్‌లోకి తిప్పి ఇవ్వడం నా పని. మూడేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం అలా రాస్తూ రాస్తూ మా అమ్మ గొంతులోంచి ఆ ముక్క విన్నాను. నాలుగుసార్లు విన్నాను. తర్వాత ‘దగ్గు’ అని రాసి, లేచి వెళ్ళి పిల్లలకు ఎక్కాలు చెప్పాను.

ఆ మూడేళ్ళు నేను భయంతో కుళ్ళిపోయానంటే అబద్ధం. భయం ఉంది. కానీ దానికన్నా ముందు కుతూహలం పట్టుకుంది, దయ్యంలా. ఆఫ్తాబ్‌షా రొట్టె తుంచుకునేటప్పుడు చూసేదాన్ని, మా అన్న హైదర్ తుంచినట్టు తుంచుతున్నాడా అని. వాళ్ళిద్దరూ ఒకే పాలు పంచుకున్నవాళ్ళు కదా. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి తుమ్మితే నా చేతిలో టీ ఒలికిపోయింది. “ఏంటే అలా మింగేసేలా చూస్తావు, నా మొహాన కొత్తగా ఏమన్నా మొలిచిందా?” అని మొగుడు అడిగేవాడు. అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి. కన్నతల్లి అన్నీ తెలిసి నన్ను ఆ పెళ్ళిపీట మీద ఎలా కూర్చోబెట్టింది? పెళ్ళిలో అందరికన్నా ఎక్కువ దఫ్ వాయించింది ఆవిడే. ఈ ముక్క ఆవిణ్ణి అడగాలని వందసార్లు వెళ్ళి, వందసార్లు షిర్‌చాయ్ తాగి తిరిగొచ్చాను.

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి అమ్మ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. సవ్సన్ బీబీ గొంతు వినిపిస్తారట అని ఎలా పాకిందో గాని, దవ్లత్‌మో తన కోడళ్ళతో సహా వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. హైదర్ ఉన్నాడు. ఖొరోగ్ పట్నానికి బండి తోలుకుని పోవాల్సిన నా మొగుడు కూడా, “అత్త పాట పాడిందేమో విని పోతా,” అని చెప్పులు విప్పేశాడు. రావద్దని ఎవరిని అనగలం? మా ఇళ్ళల్లో అతిథిని పొమ్మనే మాట లేదు.

ఇల్దికో నా మొహం ఒకసారి చూసింది. తర్వాత సంచిలోంచి చెవులకు తగిలించుకునే ఫోన్లు తీసింది.

“ఇది బీబీ గారి గొంతు. ముందు ఆవిడే వినాలి. అది నియమం,” అంది మా భాషలోనే, అందరికీ వినబడేలా.

“ఏం నియమం? దాని గొంతు మేం రోజూ వింటానే ఉన్నాంగా, వద్దన్నా!” అంది దవ్లత్‌మో. అందరూ నవ్వారు. అమ్మ తలకు ఆ ఫోన్లు తగిలించాక ఇంకా నవ్వారు, రుమాలు మీద గొర్రె కొమ్ముల్లా ఉన్నాయని. ఇల్దికో మీట నొక్కింది.

మేం ఇద్దరం ఒక్క విషయం మరిచిపోయాం. చెవులు మూసుకున్న ముసలివాళ్ళు గట్టిగా మాట్లాడతారు.

అమ్మ ముందు ఊ కొట్టింది. తర్వాత తనతో తనే మాట కలిపింది. “అవునవును, ఆ ఏడు పొయ్యిలోకి పేడ కూడా లేదు,” అని ఇల్లు దద్దరిల్లేలా అంది. “నిజమే, మేక ఈనింది, పిల్ల బతకలా.” జనం పొట్టలు పట్టుకున్నారు. నేను మాత్రం కంప్యూటరు మీద సెకన్లు చూస్తున్నాను. ఆ చోటు దగ్గర పడుతోంది. అమ్మ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. పెదవులు కదిలాయి.

“జైబో...” అంది గట్టిగా. “పాపం జైబో, ఆ మరలోకి...”

నేను ఒక్క ఊపున వెళ్ళి ఆవిడ తల మీంచి ఫోన్లు లాగేశాను. రుమాలు కూడా ఊడొచ్చింది.

“జైబోనా? మా అమ్మా?” అన్నాడు ఆఫ్తాబ్‌షా. అమ్మ నా చేతిలో ఉన్న ఫోన్ల వైపు చూసింది, నా వైపు చూసింది. నాకు తెలుసన్న సంగతి ఆవిడకు అప్పుడే తెలిసింది. ఒక్క క్షణం పట్టింది అంతే. నడుం మీద చెయ్యి వేసుకుని మూలిగింది.

“అబ్బా, పట్టేసింది! నూనె రాయాలి. మగాళ్ళు బయటికి పొండి. దవ్లత్‌మో, నువ్వూ పోవే, నా వీపు నీకేం ముద్దొస్తుందని?”

అందరూ లేచారు. మొగుడు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. “ఆవిడ గురించి ఏం చెప్పింది?” అన్నాడు నాతో, మెల్లగా. “మరలో పిండి గురించి,” అన్నాను. తలూపి వెళ్ళిపోయాడు. ఆ అబద్ధానికి నా నోరు చేదెక్కింది.

లోపల ముగ్గురం మిగిలాం. నూనె ఊసు ఎవరూ ఎత్తలేదు.

“నువ్వెప్పుడు విన్నావే?” అంది అమ్మ.

“మూడేళ్ళయింది. రాసేది నేనే కదా.”

“నువ్వు రాస్తావని నాకెవరు చెప్పారు? పిల్లి దూరదేశం పోద్దన్నారు. అక్కడ మన మాట ఎవడికి తెలుసని చెప్పుకున్నా!”

నేను ఇల్దికో వైపు తిరిగాను. ఆమె మొహం పాలిపోయింది. ఒప్పుకోలు కాగితంలో ఉందని మెల్లగా అంది. రికార్డులను సహాయకులు రాస్తారని ఉంది. ఉన్నమాట నిజమే. ఆ కాగితం అమ్మకు చదివి వినిపించింది నేనే. సహాయకులంటే కళ్ళజోళ్ళు పెట్టుకున్న ఎవరో హంగేరీవాళ్ళనుకుంది ఆవిడ. నేను కూడా వంట ఆలస్యమవుతోందని గబగబా చదివేసి, వేలిముద్ర వేయించాను.

“తప్పు నాది, బీబీ. పక్కన కూర్చుని రాసేది మీ అమ్మాయేనని పేరు పెట్టి చెప్పాల్సింది,” అంది ఇల్దికో.

“అది సర్లే పిల్లా.” అమ్మకు ఆమె మీద కోపం లేదు. ఉన్నదంతా నా మీదే. “మరి అక్కడ నువ్వేం రాశావు?”

చెప్పాను.

“దగ్గా! నా నోట్లో మాట తీసేసి దగ్గు పెట్టావా? నలభై ఏళ్ళ పైన కడుపులో మోసి ఒక్కసారి చెప్పుకున్నానే, దాన్ని దగ్గు చేశావా?”

నా కోపం కట్ట తెగింది. “మరి ఏం చెయ్యమంటావు? నా కాపురం నా చేత్తో రాసి ఊరికి పంచమంటావా? తెలిసి ఎలా చేశావమ్మా నాకా పెళ్ళి? ఒక్క మాట అనడానికి నోరు రాలేదా నీకు?”

అమ్మ రుమాలు ఒళ్ళో పెట్టుకుని అంచులు సవరించింది.

“వాళ్ళ ముసల్ది, జైబో అత్త, బతికుండగా మా రెండిళ్ళకీ కాలవనీళ్ళ తగాదా. మన గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానంది. పిల్లాడికేమో మేకపాలు పడట్లా, విరోచనాలు. జైబోకి జ్వరం, పాలింకిపోయినాయి. హైదర్ నా ఒళ్ళో ఉన్నాడు. ఏం చేస్తాం? ఇద్దరం మరలో కలుసుకునేవాళ్ళం. నీళ్ళు గడ్డకట్టి మర ఆగిపోయింది, అటేపు ఎవరొస్తారు? తర్వాత మీరిద్దరూ పెద్దాళ్ళయ్యారు, ఒకరి మీద ఒకరు పడి చస్తున్నారు. మళ్ళీ ఆ మరలోనే కూర్చున్నాం నేనూ జైబో. నువ్వు చెప్తే నేనూ చెప్తానంది. ముందు నువ్వు చెప్పు, నేను వెనకాల చెప్తానన్నా. పొద్దుగూకేదాకా అట్టానే కూర్చున్నాం. ఒక్కళ్ళకీ నోరు రాలా. చెప్తే మీ పెళ్ళీ పోద్ది, తగాదా మళ్ళీ అంటుకుంటది. లేచి ఇంటికొచ్చి పిండి కలిపాం, పెళ్ళికి.”

ఇంతేనా, అనిపించింది నాకు. మూడేళ్ళుగా నేను ఊహించుకున్న పెద్ద పెద్ద కారణాలేవీ లేవు. ఇద్దరు ఆడవాళ్ళు నువ్వంటే నువ్వని కూర్చున్నారు, పొద్దుపోయింది. అడగడానికి నాకు మూడేళ్ళు పట్టిందంటే, నేను ఆ ఇద్దరి కూతుర్నే కదా.

ఇల్దికో గొంతు సవరించుకుని, ఈ ముక్క మూసేస్తానని, కావాలంటే పూర్తిగా చెరిపేస్తానని, అది బీబీ హక్కని చెప్పింది.

“చెరపడానికి వీల్లేదు,” అంది అమ్మ. “జైబోని ఊరంతా ఎండిపోయిన మనిషంది. బిడ్డకి పాలివ్వని తల్లంది. ముసల్ది మనవడి చెవిలో అదే నూరిపోసి పెంచింది. ఆ పిల్ల ఏం చేసిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను పోతే? ఉండనియ్. కానీ వీళ్ళిద్దరూ బతికుండగా తియ్యొద్దు. అట్టా కుదురుద్దా?”

“కుదురుతుంది. యాభై ఏళ్ళు తాళం వేసి పెడతాం.” ఇల్దికో రాసుకుంటూ ఆగింది. “కాకపోతే బీబీ, అప్పటికి... వినేవాళ్ళుంటారు గానీ, అర్థమయ్యేవాళ్ళు ఉంటారో లేదో నాకు తెలియదు.”

నిజం చెప్పాలి. ఆ మాటకు నా గుండె తేలికపడింది. యాభై ఏళ్ళకు ఈ భాష పోతుంది, దానితో పాటు ఈ గుట్టూ పోతుంది, నా పిల్లలు బతికిపోతారు అనుకున్నాను. పిల్లలకు అమ్మభాష మరవకండ్రా అని రోజూ బడిలో గొంతు చించుకునే మనిషిని నేను. ఆ మనిషే ఆ క్షణాన భాష చచ్చిపోతే బాగుండుననుకుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అమ్మ ఆలోచించలేదు. “అందుకేగా ఇది ఉంది,” అంది నన్ను చూపిస్తూ. “దగ్గు తీసెయ్. నేనన్నది అన్నట్టు రాయి. అటేపు తాజిక్‌లో కూడా రాయి, ఎవడొచ్చినా తెలిసేట్టు.”

“మరి ఆయనకి?” అన్నాను.

“అది నీ కాపురం. నీ ఇష్టం. నా మాట మాత్రం నాది.”

మధ్యాహ్నం బడి వదిలాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇల్దికో బయట మెట్ల మీద ఉండిపోయింది, ఇది తను చూడకూడదని. నాలుగు లైన్లు రాయడానికి గంట పట్టింది. ‘ఆ పసివాడు’ అని రాసి వదిలేయవచ్చు. కానీ అమ్మ పేరు చెప్పింది. పేరు రాశాను.

రాయడం పూర్తవుతుండగా ఆఫ్తాబ్‌షా వచ్చాడు. ఖొరోగ్ వెళ్ళలేదు. చేతిలో రొట్టె మూట.

“తినకుండా వచ్చావంట. ఏం రాస్తున్నావు?”

తెర మూసేయడానికి నా చెయ్యి లేచింది. పొద్దున చెప్పిన అబద్ధం చేదు ఇంకా నోట్లోనే ఉంది. చెయ్యి దింపేశాను.

“కూర్చో,” అన్నాను. “మీ అమ్మ గురించి మా అమ్మ చెప్పింది. విను. విన్నాక నన్ను ఏమన్నా అను.”

“ఆవిడ గురించి వినేదేముంది,” అన్నాడు. తల్లి అంత్యక్రియల రోజు కూడా అతను ఏడవలేదు. ‘ఆవిడకు నా మీద ఎప్పుడూ ప్రేమ లేదు’ అని ఒక్కసారి నాతో అన్నాడు, తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. అయినా కూర్చున్నాడు. ఫోన్లు తీసేసి, గొంతు తగ్గించి పెట్టాను.

మా అమ్మ గొంతు వచ్చింది.

“జైబో మరలోకి వచ్చేది. కాళ్ళకి మేకతోలు చుట్టుకుని, నడుం లోతు మంచులో. పిల్లాణ్ణి రొమ్ముల మధ్య కట్టుకునేది, ఎండిపోయినా వెచ్చగానన్నా ఉంటాడని. ఆఫ్తాబ్‌షాని నా చేతికిచ్చి తను గోడవైపు తిరిగేది. ఎందుకే అంటే, నేను చూస్తే నీ పాలకి దిష్టి తగులుద్ది అనేది. నాకు తెలీదా ఏడుస్తోందని? వాడు మింగుతున్న చప్పుడు వింటూ, తాగుతున్నాడా సవ్సన్, తాగుతున్నాడా, అని అడిగేది. పద్దెనిమిది రోజులు. పోయేటప్పుడు నా చెయ్యి ముద్దుపెట్టుకునేది. వాడికి ఎప్పుడూ చెప్పకు, వాళ్ళ నాయనమ్మ వాణ్ణి బతకనివ్వదు అనేది.”

అయిపోయింది. మరలో ఆ పాలు తాగాడంటే మా పెళ్ళి ఏమవుతుందో మా ఊళ్ళో పుట్టిన ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అతను నేల వైపు చూస్తున్నాడు. మూడేళ్ళుగా నేను తయారుచేసుకున్న జవాబులన్నీ వరసగా నిలబెట్టుకుని, అతను నన్ను చూసి ఆ ప్రశ్న అడగడం కోసం ఎదురుచూశాను. ఇరవై ఐదేళ్ళు మనం ఏమిటి, అని.

అతను తల ఎత్తాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు అతనికి.

“గోడవైపు తిరిగిందన్న దగ్గర్నుంచి,” అన్నాడు, “ఇంకోసారి పెట్టు.”

పెట్టాను.